రసీదు ఉన్నవారు, పని చేసినవారు: ఒక బ్లాకు సభ్యత్వ వివాదంపై విచారణ

పార్టీలో అసలైన సభ్యుడెవరు, పేరుకు మాత్రమే సభ్యుడెవరు అన్న మాట సాధారణంగా టికెట్లు పంచే రోజుల్లో, అదీ ఆవేశంలో వినిపిస్తుంది. దాన్ని కాగితాల ముందు పెట్టి, సాక్ష్యం తీసుకుని, ఒక్కొక్క పేరుకు ఎదురుగా అవునో కాదో రాయవలసిన అవసరం అరుదుగా వస్తుంది. ఒడిశాలోని గజపతి జిల్లాలో, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న ఒక బ్లాకులో (మన మండలం వంటిది) అలాంటి అవసరం వచ్చింది. బ్లాకు కమిటీ ఎన్నికకు ముందు ఓటర్లుగా ప్రకటించిన సభ్యుల జాబితాపై రెండు వర్గాలూ పరస్పరం ఫిర్యాదు చేసుకోగా, పార్టీ రాష్ట్ర నాయకత్వం పర్లాకిమిడిలో న్యాయవాదిగా ప్రాక్టీసు చేస్తున్న నన్ను విచారణాధికారిగా నియమించింది. నాకు ఏ పార్టీలోనూ సభ్యత్వం లేకపోవడం, ఒడియా తెలుగు రెండూ చదవగలగడం ఆ నియామకానికి కారణాలు. పార్టీ అనుమతితోనే ఈ వివరాలు రాస్తున్నాను. పార్టీ పేరూ ఊళ్ల పేర్లూ చెప్పడం లేదు. మనుషులను గుర్తుపట్టే వీలున్న సంగతులను మార్చాను. చట్టం గురించి చెప్పినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను.

వివాదం

ఈ ప్రాంతం సంగతి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి పర్లాకిమిడి ఇటు వచ్చింది, పాతపట్నం అటు ఉండిపోయింది. 1992 అక్టోబరు 2న గంజాం నుంచి విడదీసి గజపతి జిల్లాను ఏర్పాటు చేశారు. గీత మారినా కుటుంబాలు మారలేదు. ఇల్లు ఒక రాష్ట్రంలో, పొలం మరో రాష్ట్రంలో ఉన్నవాళ్లు, అన్న అటూ తమ్ముడు ఇటూ ఓటేసే కుటుంబాలు ఇక్కడ సర్వసాధారణం. పెద్దవాళ్లలో చాలామందికి చదవడం వస్తే తెలుగే వస్తుంది, పార్టీల దరఖాస్తులేమో ఒడియాలో వస్తాయి. ఈ రెండు సంగతులూ ఈ కేసులో సాక్ష్యం దాకా వచ్చాయి.

బ్లాకు అధ్యక్ష పదవికి ఇద్దరు పోటీలో ఉన్నారు. ఒకరు పాత కమిటీ తరఫున నిలబడ్డవారు. రెండోవారు రోడ్డు పనులు చేసే కాంట్రాక్టరు, పార్టీలో చేరి ఎక్కువ కాలం కాలేదు. సభ్యత్వ నమోదు గడువు చివరి రోజుల్లో జాబితా అంతకు ముందున్న దానికి కొన్ని రెట్లు పెరిగింది. కొత్తగా వచ్చిన పేర్లన్నీ కాంట్రాక్టరు డబ్బు కట్టి రాయించినవనీ, వాటిని కొట్టివేయాలనీ పాత కమిటీ ఫిర్యాదు చేసింది. పాత కమిటీవాళ్లలోనే చాలామందికి చెల్లుబాటయ్యే రసీదు లేదనీ, ఏళ్ల తరబడి జెండా మోసినంత మాత్రాన సభ్యులైపోరనీ కాంట్రాక్టరు వర్గం ఎదురు ఫిర్యాదు ఇచ్చింది. మీ దగ్గర మనుషులు లేరని ఒకరంటే, మీ దగ్గర కాగితం లేదని మరొకరు అన్నారు. రెండు ఫిర్యాదుల్లోనూ కొంత నిజముంది.

చట్టం ఎంత దూరం వస్తుంది

చాలామంది అనుకునేదానికి భిన్నంగా, పార్టీ సభ్యుడంటే ఎవరో మన చట్టాలు నిర్వచించలేదు. 1989లో ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లో చేర్చిన 29ఎ సెక్షన్ పార్టీల నమోదుకు సంబంధించినది. నమోదు కోరే పార్టీ తన అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి పేర్లతోపాటు సభ్యుల సంఖ్యను, సభ్యత్వంలో తరగతులుంటే ఒక్కో తరగతిలోని సంఖ్యను చెప్పాలని ఆ సెక్షన్ అడుగుతుంది. చట్టం అడిగేది సంఖ్యను మాత్రమే. ఎన్నికల కమిషన్ మార్గదర్శకాల ప్రకారం నమోదు సమయంలో కనీసం 100 మంది ఓటర్లు సభ్యులుగా ఉన్నట్టు అఫిడవిట్లు పెట్టాలి. ఆ మెట్టు దాటాక బ్లాకు స్థాయి జాబితాను తెరిచి చూసే అధికారి ఎవరూ లేరు.

ఒక్క చోట మాత్రం సభ్యత్వం అనే మాటకు నేరుగా ఫలితం ఉంది. 1968 నాటి ఎన్నికల చిహ్నాల ఉత్తర్వు 13వ పేరా ప్రకారం, లోక్‌సభకో శాసనసభకో పార్టీ తరఫున నిలబడే వ్యక్తి ఆ పార్టీ సభ్యుడై ఉండాలి, అతని పేరు పార్టీ సభ్యుల జాబితాలో ఉండాలి. నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటలలోపు రిటర్నింగ్ అధికారికి అందవలసిన ఫారం బిలో పార్టీయే ఆ మాటను ధ్రువీకరిస్తుంది. నిన్న చేరిన వ్యక్తికి ఇవాళ టికెట్ ఇవ్వడానికి ఇది అడ్డు కాదు, ఎందుకంటే జాబితా పార్టీ చేతిలోనే ఉంది. అయినా, జాబితాలో పేరుండటానికి చట్టం ఒక విలువ ఇచ్చిందని ఈ పేరా చూపిస్తుంది.

మిగిలిన విషయమంతా పార్టీ నియమావళి మీద ఆధారపడుతుంది. సంఘానికీ సభ్యుడికీ మధ్య నియమావళి ఒక ఒప్పందం వంటిదని, దాన్ని పాటించకుండా, సహజ న్యాయాన్ని (అంటే ఎదుటివారి మాట విన్నాకే తీర్పు చెప్పాలన్న సూత్రాన్ని) పక్కనపెట్టి సభ్యుణ్ణి తొలగిస్తేనే కోర్టు జోక్యం చేసుకుంటుందని టి.పి. డేవర్ వర్సెస్ లాడ్జ్ విక్టోరియా కేసులో (తీర్పుల సంపుటి ఎ.ఐ.ఆర్. 1963) సుప్రీంకోర్టు చెప్పిన దారినే కోర్టులు నడుస్తున్నాయి. 1971లో దమయంతి నారంగా కేసులో అదే కోర్టు, సంఘం పెట్టుకునే హక్కులో తాము ఇష్టపడి చేర్చుకున్నవారితోనే కొనసాగే హక్కు కూడా ఇమిడి ఉందని చెప్పింది. అది ఒక ప్రభుత్వ చట్టం బయటివారిని సంఘంలోకి చొప్పించిన సందర్భంలో వచ్చిన తీర్పు. నేను దాని నుంచి తీసుకున్నది ఒక్కటే: సభ్యత్వానికి రెండు అంగీకారాలు కావాలి. చేరే మనిషి తెలిసి ఒప్పుకోవాలి, చేర్చుకునే సంఘం తన పద్ధతిలో ఒప్పుకోవాలి. ఈ నివేదిక మొత్తం ఈ పునాది మీద నిలబడింది.

ఈ పార్టీ నియమావళి ప్రకారం, పద్దెనిమిదేళ్లు నిండిన పౌరుడు పార్టీ ఆశయాలను అంగీకరిస్తూ, మరే రాజకీయ పార్టీలోనూ సభ్యుణ్ణి కానని ప్రకటిస్తూ, స్వయంగా సంతకం గాని వేలిముద్ర గాని వేసిన దరఖాస్తుతో రుసుము చెల్లించాలి. బ్లాకు కార్యదర్శి రసీదు ఇచ్చి పేరు జాబితాలో ఎక్కించాలి. సభ్యత్వం మూడేళ్లు నడుస్తుంది, గడువులోగా పునరుద్ధరించుకోవాలి. రుసుము ఎవరు కట్టాలో నియమావళి చెప్పలేదు. ఈ లోటు తర్వాత పెద్ద వాదనకు దారితీసింది.

సభ్యుడికి ఏ పరీక్ష పెట్టాలన్న విషయంలో మన పార్టీలు ఎప్పుడూ ఒక్క మాట మీద లేవు. 1920 నాగపూర్ సమావేశంలో కాంగ్రెస్ నాలుగణాల సభ్యత్వాన్ని తెచ్చింది. చేరే ద్వారం ఇంత వెడల్పుగా ఉంటే చేరినవాడు ఏం చేస్తున్నాడో ఎలా తెలుస్తుందన్న చింత గాంధీకి ఉండేది. 1924 బెళగావి సమావేశం నాటికి డబ్బు స్థానంలో నెలకు 2,000 గజాల నూలు ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. అది ఎక్కువ కాలం నిలవలేదు. 1934లో గాంధీ కాంగ్రెస్ సభ్యత్వాన్నే వదులుకున్నారు, అయినా ఆ తర్వాత కూడా కాంగ్రెస్‌లో ఆయన మాట చెల్లింది. ఇంకో కొసన సీపీఎం ఉంది. అక్కడ ఇద్దరు సభ్యులు సిఫారసు చేయాలి, ఏడాదిపాటు అభ్యర్థి సభ్యుడిగా, అంటే పరిశీలనలో ఉన్న సభ్యుడిగా ఉండాలి, ఆదాయాన్ని బట్టి లెవీ కట్టాలి, ఏటా పునరుద్ధరణ జరగాలి. బీజేపీ 2014లో మొదలుపెట్టిన నమోదులో మిస్డ్ కాల్ ఇచ్చి సభ్యులయ్యే పద్ధతి పెట్టింది, సంస్థాగత బాధ్యతల కోసం సక్రియ సభ్యత్వమనే వేరే మెట్టు ఉంచుకుంది. వీటిలో ఏది మేలన్నది నా పని కాదు. ఒక పార్టీ పెట్టుకున్న పరీక్షతో ఇంకో పార్టీ సభ్యుణ్ణి కొలవకూడదని చెప్పడానికే ఈ ప్రస్తావన. విచారణలో రెండు వర్గాలూ తమకు అనుకూలంగా ఉన్న వేరే పార్టీ పద్ధతిని ఉదాహరణగా తెచ్చాయి. ఆ వాదనలను నేను రికార్డు చేశాను గాని పరిగణించలేదు.

రసీదు లేని కార్యకర్త

మొదటి అభ్యంతరం ఒక పెద్దాయన మీద వచ్చింది. ఊళ్లో చిన్న కిరాణా కొట్టు నడుపుతారు. పార్టీ ఈ బ్లాకులో అడుగుపెట్టినప్పటి నుంచి ఉన్నారు. ఏ ఎన్నిక వచ్చినా బూత్‌లో కూర్చునేది ఆయనే. ఓటరు జాబితా సవరణ జరిగినప్పుడు ఇల్లిల్లూ తిరిగి, చనిపోయినవాళ్ల పేర్లు తీయించి, కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ల పేర్లు ఎక్కించేది కూడా ఆయనే. ఆయన సభ్యుడు కాడని కాగితం మీద రాసి ఉండటం చూసి ఊరివాళ్లు నొచ్చుకున్నారు. కానీ ఆయన పాత సభ్యత్వం గడువు తీరిపోయింది, కొత్త రసీదు లేదు.

ఆయన తరఫువారు ముందుగా పోలింగ్ ఏజెంటు నియామక పత్రాలు తెచ్చి నా ముందు పెట్టారు. కొన్ని ఎన్నికల ఫారం 10 ప్రతులు ఆయన భద్రంగా దాచుకున్నారు. వాటి విలువ నాకు తెలుసు, అయినా సభ్యత్వానికి అవి రుజువు కాజాలవు. 1951 చట్టం 46వ సెక్షన్ ప్రకారం పోలింగ్ ఏజెంటును నియమించేది అభ్యర్థి లేదా అతని ఎన్నికల ఏజెంటు. పార్టీ సభ్యుడు కానివాణ్ణి కూడా అభ్యర్థి తన ఏజెంటుగా పెట్టుకోవచ్చు. ఆ పత్రం అభ్యర్థికి ఆ మనిషి మీదున్న నమ్మకాన్ని చూపిస్తుంది. ఈ మాట చెప్పినప్పుడు ఆయన ముఖం చిన్నబోయింది, కానీ చెప్పక తప్పలేదు. సేవను సభ్యత్వంగా లెక్కించడం మొదలుపెడితే, ఎవరి సేవ ఎంతన్నది తేల్చేది అధికారంలో ఉన్న వర్గమే అవుతుంది. రేపు అదే కొలతతో వాళ్లకు గిట్టనివాళ్ల పేర్లను తీసేస్తారు.

ఆయన కేసు నిలబడింది వేరే ఆధారం మీద. గడువులోగా తాను రుసుము కట్టాననీ, అప్పటి బ్లాకు కార్యదర్శి రసీదు పుస్తకం అయిపోయిందని తర్వాత ఇస్తానన్నారనీ ఆయన చెప్పారు. ఆ కార్యదర్శి ఇప్పుడు పదవిలో లేరు, ఆరోగ్యం కూడా బాగాలేదు. ఆయన ఇంటికి వెళ్లి అడిగితే, ఒక చేతి పుస్తకం తీసి చూపించారు. అందులో తెలుగులో పేర్లు, పక్కన మొత్తాలు, తేదీలు ఉన్నాయి. పెద్దాయన పేరు గడువులోపలి తేదీతో ఉంది. అదే పేజీలో ఉన్న మరికొన్ని పేర్లకు తర్వాత రసీదులు ఇచ్చినట్టు కౌంటర్‌ఫాయిళ్లలో కనిపించింది. పుస్తకం ఈ వివాదం కోసం కొత్తగా రాసింది కాదనడానికి ఆ పోలిక నాకు సరిపోయింది. దరఖాస్తు ఇవ్వడం, డబ్బు కట్టడం మనిషి చేయవలసినవి. రసీదు కోయడం, పేరు ఎక్కించడం పార్టీ చేయవలసినవి. తాను చేయవలసింది చేయకుండా, ఆ లోపాన్నే ఎదుటి మనిషి మీద సాక్ష్యంగా వాడుకునే హక్కు పార్టీకి లేదని రాశాను.

ఈ దశలో కాంట్రాక్టరు వర్గం తరఫు న్యాయవాది ఇంకో వాదన తెచ్చారు. గత పంచాయతీ ఎన్నికల్లో పెద్దాయన, పార్టీ నాయకులు బలపరిచిన సర్పంచ్ అభ్యర్థికి కాకుండా తన బంధువుకు పని చేశారనీ, రాజీనామా ఇవ్వకపోయినా నడవడికను బట్టి సభ్యత్వం స్వచ్ఛందంగా వదులుకున్నట్టు భావించవచ్చని 1994లో రవి నాయక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందనీ ఆయన అన్నారు. తీర్పులో ఆ మాట ఉన్నమాట నిజమే. కానీ అది రాజ్యాంగం పదో షెడ్యూలు కింద, అంటే 1985లో 52వ సవరణతో వచ్చిన ఫిరాయింపు నిషేధం కింద, శాసనసభ్యుల గురించి చెప్పింది. ఆ షెడ్యూలులో సభ్యత్వానికి ప్రత్యేకమైన అర్థం ఉంది. పార్టీ బహిష్కరించిన శాసనసభ్యుణ్ణి కూడా ఆ షెడ్యూలు అవసరానికి పాత పార్టీవాడిగానే చూడాలని 1996లో జి. విశ్వనాథన్ కేసులో చెప్పారు. ఓటర్లు గెలిపించిన ప్రతినిధికి పెట్టిన ఆ నియమాన్ని కిరాణా కొట్టు నడుపుకునే సాధారణ సభ్యుడికి తగిలించలేం.

అంతకన్నా సూటిగా ఉన్న జవాబు మన రాష్ట్ర పద్ధతిలోనే ఉంది. ఒడిశాలో జిల్లా పరిషత్ ఎన్నికలు మాత్రమే పార్టీ గుర్తుల మీద జరుగుతాయి. వార్డు సభ్యులు, సర్పంచ్, పంచాయతీ సమితి సభ్యుల ఎన్నికలు పార్టీరహితం. పార్టీకి అభ్యర్థే లేని ఎన్నికలో పార్టీ అభ్యర్థికి వ్యతిరేకంగా పని చేశాడన్న ఆరోపణ నిలబడదు. నాయకులు ఎవరినో బలపరిచి ఉండవచ్చు. అది వారి ఇష్టం, నియమావళి కింద సభ్యుడికి ఆజ్ఞ కాదు. ఊరికి ఊరే చుట్టరికాలతో ముడిపడి ఉండే చోట సర్పంచ్ ఎన్నికను పార్టీ విధేయతకు పరీక్షగా మార్చడం మంచిది కాదని నా నివేదికలో విడిగా రాశాను.

మహిళా సంఘం పేర్లు

కొత్త పేర్లలో ఎక్కువ భాగం మహిళా సంఘాల సభ్యులవి. ఒడిశాలో 2001 నుంచి మిషన్ శక్తి అనే ప్రభుత్వ కార్యక్రమం కింద ఏర్పడుతూ వచ్చిన ఈ సంఘాలు సరిహద్దు గ్రామాల్లో తెలుగు ఆడవాళ్లకు పొదుపు, అప్పు, ప్రభుత్వ పనులు అన్నిటికీ ఆధారం. దరఖాస్తులు చూడగానే కొన్ని సంగతులు కంటపడ్డాయి. అన్నీ ఒకే దస్తూరీలో నింపి ఉన్నాయి. రసీదు సంఖ్యలు వరుసగా ఉన్నాయి, తేదీ ఒకటే. పేర్ల క్రమం సంఘం రిజిస్టరులోని క్రమమే; రిజిస్టరులో తప్పుగా రాసిన ఒక ఇంటిపేరు దరఖాస్తులోనూ అదే తప్పుతో ఉంది. సంఘం నుంచి అప్పటికే వెళ్లిపోయి అత్తవారి ఊరు చేరుకున్న ఒకావిడ పేరు కూడా అలాగే వచ్చేసింది. ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయిని పేరు కూడా జాబితాలో ఉంది. ఆమె సంఘంలో లేరు, ఏ కాగితం మీదా సంతకం చేయలేదు. ఒడిశా ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి, 1959 ప్రకారం ప్రభుత్వోద్యోగి రాజకీయ పార్టీ సభ్యత్వం తీసుకోకూడదు. ఎవరో రాసిన ఒక వరస వల్ల ఆమెపై శాఖాపరమైన చర్య వచ్చే ప్రమాదం ఏర్పడింది. ఆ పేరును విచారణ ముగిసేదాకా ఆగకుండా వెంటనే తొలగించాలని, ఆమెకు లిఖితపూర్వకంగా తెలియజేయాలని కోరాను. ఆ పని పార్టీ ఆలస్యం లేకుండా చేసింది.

పాత కమిటీ కోరిక, మొత్తం గంపగుత్తగా కొట్టివేయమని. కాగితాలను బట్టి చూస్తే ఆ కోరిక సబబుగానే కనిపించేది. కానీ సభ్యత్వం ఒక్కొక్క మనిషికి సంబంధించినది. దరఖాస్తు ఎవరు నింపారన్నదాన్ని బట్టి గాని, రుసుము ఎవరు కట్టారన్నదాన్ని బట్టి గాని సంతకం చేసిన మనిషి ఉద్దేశాన్ని తేల్చలేం. అందువల్ల ప్రతి ఒక్కరినీ విడిగా, పోటీదారులు గాని వారి మనుషులు గాని లేని చోట, రామాలయం అరుగు మీద కూర్చోబెట్టి అడిగాను. దరఖాస్తులోని ప్రకటనను ముందు తెలుగులో చదివి వినిపించాను. తర్వాత, ఈ వేలిముద్ర లేదా సంతకం మీదేనా, ఏ కాగితమని వేశారు, ఇప్పుడు సంగతి తెలిసింది కనుక పార్టీలో ఉంటారా ఉండరా అని అడిగాను.

జవాబులు ఒక్కలా రాలేదు. ఎక్కువమంది, "లోను కాయితం అనుకుని ఏసీసేం బాబూ" అన్నారు. కొందరు కాగితం పార్టీదని తెలిసే వేశారు, అడిగినవాళ్లు కావలసినవాళ్లు కనుక కాదనలేకపోయారు. కొందరు ఆ వేలిముద్ర తమది కాదన్నారు. ఒక అమ్మాయి, డిగ్రీ మధ్యలో ఆపేసి సంఘం లెక్కలు రాస్తున్న ఆమె, నా ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పింది. "సేరింది నాను బాబూ. రుసుం ఎవులు కట్టేరో నాకెందుకు? మీటింగుకి పిలవలేదు గావాల, పిలిస్తే ఎల్దును." దరఖాస్తు చదివే సంతకం చేశానని, ఒడియా తనకు బాగా వచ్చునని, ఊరి తాగునీటి విషయం పార్టీ సమావేశంలో ఎత్తాలని అనుకున్నానని చెప్పింది. ఇంత స్పష్టంగా చేరిన సభ్యురాలు ఆ జాబితాలో పాతవారిలో కూడా నాకు ఎక్కువమంది కనిపించలేదు. గంపగుత్తగా కొట్టివేసి ఉంటే ఆమె కూడా పోయేది.

కాగితం ఏమిటో తెలియక వేలిముద్ర వేసినవారి విషయంలో, ఇప్పుడు విని సరేనన్నవాళ్లు కొందరున్నారు. వారి సభ్యత్వం ఏ తేదీ నుంచి లెక్కించాలన్నది ఈ కేసులో కష్టమైన ప్రశ్న. కాంట్రాక్టరు వర్గం, తర్వాత ఒప్పుకున్నారు కనుక మొదటి తేదీ నుంచే చెల్లుతుందని వాదించింది. అంగీకారం లేని రోజున సభ్యత్వం పుట్టలేదు. అది పుట్టింది వారు విని ఒప్పుకున్న రోజున. కాబట్టి వారిని ఆ రోజు నుంచి సభ్యులుగా చేర్చుకోవచ్చని, గడువు అప్పటికే దాటిపోయింది కనుక ఈసారి ఓటు ఉండదని నిర్ణయించాను. తెలిసే వేసినవారు, మొహమాటం కొద్దీ వేసినవారు సైతం, మొదటి తేదీ నుంచే సభ్యులు. మొహమాటం మోసం కాదు. ఇక్కడ ఎవరైనా పార్టీలో చేరేది చాలావరకు ఒక బావ పిలిస్తేనో, ఒక మాస్టారు చెబితేనో. ఆ పిలుపు వెనుక ఉన్న మనిషిని బట్టి చేరిక అసలుదా నకిలీదా అని విడదీయడం మొదలుపెడితే రెండు వర్గాల్లోనూ మిగిలేవారు కొద్దిమందే.

కాంట్రాక్టరు ఇతరుల రుసుము కట్టడాన్ని నియమావళి నిషేధించలేదు కనుక ఆ ఒక్క కారణంతో ఆయన్ను తప్పుపట్టలేకపోయాను. కానీ తప్పుడు వేలిముద్రలు ఆయన మనుషులు ఇచ్చిన కట్టలోనే ఉన్నాయి. ఆ కట్టను సమర్పించినవారిపై క్రమశిక్షణ విచారణ విడిగా జరపాలని రాశాను.

రెండు వైపులా ఉన్న మనిషి

మూడో అభ్యంతరం ఒక సైకిల్ షాపు యజమాని మీద. షాపు ఒడిశాలో, సొంత ఊరు శ్రీకాకుళం జిల్లాలో. ఆయన ఇక్కడి పార్టీలో రసీదు ఉన్న సభ్యుడు, పాత కమిటీ మనిషి. ఆంధ్రలో ఇంకో పార్టీ సభ్యత్వ కార్డు కూడా ఆయన పేరు మీద ఉందని ఎదుటివర్గం ఫోటోతో చూపించింది. ముందు రెండు రాష్ట్రాల్లోనూ ఓటు ఉందేమోనని చూశాను. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్ ఒకరు రెండు నియోజకవర్గాల్లో ఓటరుగా ఉండటాన్ని నిషేధిస్తుంది, తప్పుడు ప్రకటన ఇస్తే 31వ సెక్షన్ కింద ఏడాది వరకూ జైలు పడవచ్చు. ఆయన ఓటు ఇక్కడ ఒక్కచోటే ఉంది. ఆంధ్ర కార్డు గురించి అడిగితే దాచకుండా చెప్పారు. అక్కడ కొన్ని పార్టీలు సభ్యత్వంతోపాటు ప్రమాద బీమా ఇస్తున్నాయి. తమ్ముడు అందరి పేర్లతోపాటు తన పేరూ రాయిస్తే ఊరుకున్నానని, రోజూ బండి మీద తిరిగేవాణ్ణి కనుక బీమా పనికొస్తుందనుకున్నానని అన్నారు. ఆ పార్టీకి ఇక్కడ కమిటీ కూడా లేదు కదా, పోటీ ఎక్కడిదని ఆయన ప్రశ్న.

ఆయన మాటలో కపటం లేదు. అయితే నియమావళిలోని ప్రకటన మరే రాజకీయ పార్టీలోనూ అంటుంది, ఈ రాష్ట్రంలో పనిచేసే మరే పార్టీలోనూ అనదు. సరిహద్దులో ఉన్నవారికి ఈ షరతు మిగతావారికన్నా బరువుగా పడుతుందన్నది నిజం. అయినా ఆ మాటను తేలిక చేసే అధికారం విచారణాధికారికి లేదు. బీమా కోసం తీసుకున్న సభ్యత్వం కూడా ఆ పార్టీ లెక్కలో సభ్యత్వమే. అక్కడి సభ్యత్వాన్ని రాతపూర్వకంగా వదులుకుని ఇక్కడ కొత్తగా దరఖాస్తు చేసుకోవాలని, అప్పటిదాకా పేరు నిలుపుదల చేయాలని రాశాను. ఆయన మరునాడే రాజీనామా కాగితం తెచ్చారు. బీమా పోయిందని ఇంట్లో కోప్పడ్డారట.

నివేదిక తర్వాత

రాష్ట్ర కమిటీ నివేదికలో ఎక్కువ భాగాన్ని ఆమోదించింది. తప్పుడు వేలిముద్రలున్న పేర్లు, తమకు తెలియదన్నవారి పేర్లు పోయాయి. తెలిసి చేరినవారు నిలిచారు. ఎన్నిక ఆ జాబితాతోనే జరిగింది, పాత కమిటీ అభ్యర్థి గెలిచారు. దరఖాస్తు ఇకపై సరిహద్దు బ్లాకుల్లో ఒడియాతోపాటు తెలుగులోనూ ఉండాలని, డబ్బు తీసుకున్న చోటనే రసీదు కోయాలని, ఒకరు తన కుటుంబం దాటి ఇతరుల రుసుము కట్టరాదని, జాబితాను ఎన్నికకు ముందు ప్రతి పంచాయతీలో గోడకు అంటించి అభ్యంతరాలు తీసుకోవాలని నేను చేసిన సూచనల్లో మొదటి రెండు అమలులోకి వచ్చాయి. గోడకు అంటించడాన్ని మాత్రం ఒప్పుకోలేదు. జాబితా ఎదుటి పార్టీల చేతిలో పడుతుందని వాళ్ల భయం. ఆ భయం అర్థమవుతుంది. కానీ సభ్యుడే తన పేరు ఉందో లేదో చూసుకోలేని జాబితా ఉన్నంత కాలం ఇలాంటి ఫిర్యాదులు మళ్లీ వస్తాయి. కనీసం పంచాయతీ సమావేశంలో పేర్లు చదివి వినిపించమని మరోసారి రాశాను.

నేను ఒప్పుకోలేని మార్పు ఒకటి పెద్దాయన విషయంలో జరిగింది. చేతి పుస్తకాన్ని రసీదుతో సమానంగా తీసుకుంటే ప్రతి బ్లాకులోనూ అలాంటి పుస్తకాలు పుట్టుకొస్తాయని చెప్పి, రాష్ట్ర కమిటీ ఆయన్ను కొత్తగా రుసుము కట్టించుకుని కొత్త సభ్యుడిగా చేర్చుకుంది. దాంతో ఆయనకు ఈ ఎన్నికలో ఓటు లేకపోయింది, పదవికి నిలబడటానికి కావలసిన నిరంతర సభ్యత్వం కూడా తెగిపోయింది. కమిటీ భయానికి పరిష్కారం పుస్తకాన్ని పరీక్షించడంలో ఉంది, దాన్ని చూడకుండా పక్కన పెట్టడంలో లేదు. అదే పేజీలోని ఇతర పేర్లను కౌంటర్‌ఫాయిళ్లతో పోల్చి, పుస్తకం నమ్మదగినదని తేలాకే ఆయన నమోదును నేను ఒప్పుకున్నాను. ఈ పోలికను ఉత్తర్వులో ప్రస్తావించనేలేదు. ఆ నిర్ణయంపై ఆయన రాష్ట్ర స్థాయి అప్పీలు సంఘానికి రాసుకున్నారు. పాత కార్యదర్శి వాంగ్మూలం, చేతి పుస్తకంలోని పేజీల నకళ్లు, కౌంటర్‌ఫాయిళ్లతో నేను వేసిన పోలిక పట్టిక ఆ సంఘం అడగగానే పంపాను. అసలు పుస్తకం కార్యదర్శి కుటుంబం దగ్గరే ఉంది, విచారణకు తెమ్మంటే తెస్తామన్నారు.